మకారియా హస్తవాసి

బగాకాయ్ ఊళ్ళో ఒక తరం మొత్తం మంత్రసాని మకారియా చేతుల్లో పడ్డవాళ్ళే. తండ్రి పోయాక చిన్న వయసులోనే పెద్దరికం అందుకున్న బసిలియో కూడా ఆమె చేతుల్లోకే పుట్టాడు. ఇప్పుడతను ఊరిపెద్ద కదా, చేతిలో బెత్తం, నెత్తిన టోపీ. అయినా మకారియా ఎదురైతే బెత్తం వెనక్కి పెట్టుకునేవాడు. "నిన్ను తలకిందులుగా పట్టుకుని పిర్ర మీద ఒక్కటిస్తే గానీ ఏడవలేదు నువ్వు. నా దగ్గరా నీ పెత్తనం?" అని నలుగురిలో అనేసేది ఆవిడ. ఊరంతా నవ్వేది, బసిలియో కూడా నవ్వక తప్పేది కాదు.

ఆమెది చల్లని చెయ్యి అని ఊరి నమ్మకం. కాన్పులకే కాదు, నారుమడిలో తొలి పిడికెడు విత్తనం ఆమె చల్లాలి, కోడిని పొదగేస్తే గుడ్లు ఆమె పెట్టాలి, కొత్త వల నదిలో దించేముందు ఆమె ఒకసారి తడిమి ఇవ్వాలి. అడ్డం తిరిగిన బిడ్డను కొబ్బరినూనె రాసి, కడుపు మీద చేత్తోనే నిదానంగా సర్ది, దారికి తెచ్చేది. అది ఎవరు నేర్పారంటే చెప్పలేకపోయేది. "చేతికి తెలుస్తుంది, నాకు తెలీదు" అనేది.

ఆమెకు ఒక్కటే బలహీనత. వక్క, తమలపాకు, సున్నం, దాంట్లో చిటికెడు పొగాకు. అది బుగ్గన లేకపోతే మనిషి మనిషిగా ఉండేది కాదు. భర్త ఏనాడో నదిలో పోయాడు. లేకలేక పుట్టిన కూతురు కితేరియా ఒక్కతే ఆమెకు మిగిలింది. తల్లి నోటి దురుసు కూతురికీ వచ్చింది. పెళ్ళిచూపులకు వచ్చిన అన్సెల్మోతో, "మా అమ్మ పొగాకు కోసం నన్ను అమ్మేసినా అమ్మేస్తుంది, తొందరగా తీసుకుపో" అందట. అన్సెల్మో తొందరగానే తీసుకుపోయాడు, కానీ నాలుగిళ్ళ అవతలికే.

ఆ రోజుల్లో మనీలాకు కొత్తగా వచ్చిన గవర్నరు దొర ఈ దీవులను బాగుచెయ్యాలని కంకణం కట్టుకున్నాడు. ఏటా మెక్సికో నుంచి వెండి ఓడ వస్తే తప్ప ఖజానా నిండదట. ఇక్కడి నేలే ఇక్కడి ఖర్చు పుట్టించాలట. మంచివాడేనంటారు. అయి ఉండొచ్చు. మంచివాళ్ళు తలపెట్టిన మేలు ఇసరోగ్ కొండ కిందకి దిగి మా ఇళ్ళలోకి వచ్చేసరికి ఎలా తయారవుతుందో ఆయనకు ఎవరు చెప్పాలి? ఆయన హుకుములు రెండు మా వైపు వచ్చాయి. ఒకటి, పొగాకు ఇక మీద సముద్రాల అవతలున్న రాజుగారిది. ఆయన చెప్పిన సీమల్లో తప్ప ఎవరూ పెరట్లో మొక్క కూడా వెయ్యకూడదు, రాజుగారి కొట్లోనే కొనుక్కోవాలి. రెండోది, మా సీమలో ప్రతి ఇంటివాళ్ళూ మల్బరీ మొక్కలు నాటాలి, పట్టుపురుగులు పెంచాలి.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు బసిలియో ఇదంతా వినిపించాడు.

"పురుగుల్ని పెంచాలా? మా ఇంట్లో పేలున్నాయి, అవి చాలవా దొరకి?" అంది మకారియా.

"నవ్వులాట కాదక్కా. పట్టుగూళ్ళు అప్పజెప్పిన ఇంటి మగాడికి వెట్టి ఉండదు. ఓడల కోసం దుంగలు కొట్టడానికి అడవికి పోనక్కర్లేదు" అన్నాడు బసిలియో.

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. అడవికి పోయినవాళ్ళలో చలిజ్వరంతో తిరిగొచ్చినవాళ్ళున్నారు, అసలు తిరిగిరానివాళ్ళూ ఉన్నారు. ఆ ఏడు ఊరివాళ్ళు చేమదుంపల మళ్ళు కూడా దున్నేసి మల్బరీ కొమ్మలు గుచ్చారు.

పొగాకు సంగతి మకారియా తన దారిన తాను చూసుకుంది. కోళ్ళగూడు వెనక నాలుగు మొక్కలుండేవి. రాజుగారి కొట్లో అమ్మేది బూజు పట్టిన ఆకు, ధర చూస్తే కళ్ళు తిరిగేవి. పొగాకు జవాన్లు ఇంటింటికీ వచ్చి ఇంటికప్పుల్లో ఈటెలు పొడిచి వెతుకుతున్నారని తెలిసి, మొక్కలు పీకి, ఆకు ఆరబెట్టి, చూర్ణం చేసి దాచడానికి చోటు వెతికింది. చివరికి మల్బరీ ఆకు కోయడానికని అల్లి ఉంచిన బుట్ట అడుగున అరటాకులో చుట్టి పెట్టి, పైన నాలుగు మల్బరీ ఆకులు కప్పింది. జవాను వచ్చి ఇల్లంతా తిరగేశాడు. బుట్ట దగ్గరికి వచ్చేసరికి, "అది దొరవారి ఆకు నాయనా, చెయ్యి పెట్టావంటే నీదే పూచీ" అని ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. వాడు బుట్టకు దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు. ఆ కథ ఆమె కితేరియాకు ఒక్కదానికే చెప్పింది. తల్లీకూతుళ్ళు కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

మొక్కలు ఏపుగా ఎదిగాక మా సీమకు పెద్ద ఊరైన నగా నుంచి పట్టుపురుగుల గుడ్లు వచ్చాయి. గుడ్డ ముక్కల మీద ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి. వాటితో పాటు హుకుం కాగితం ఒకటి. చెట్లు ఎంత ఎడంలో నాటాలో, ఎండిపోతే ఎన్ని దెబ్బలో అందులో వివరంగా ఉంది. పురుగుకు ఏది పడుతుంది, ఏది పడదు అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

గుడ్లు పగిలి నల్లని నూగులాంటి పురుగులు బయటికి రాగానే, ఊరి ఆడవాళ్ళకు తట్టిన ఆలోచన ఒక్కటే. తొలి మేత మకారియా చేత్తో వేయించాలి. ఇంటింటికీ పిలిచారు. ఆమె తన బుట్ట చంకన పెట్టుకుని, తన చెట్ల లేతాకు కోసుకుని, తమలపాకు నములుతూ ఇల్లిల్లూ తిరిగింది. ఆకు వేళ్ళతోనే సన్నగా తుంచి చల్లింది. రెండో మేతకు కూడా ఉంచుకోండంటూ ప్రతి ఇంట్లోనూ దోసెడు ఆకు వదిలి వచ్చింది. ఆమెను పిలవనిది సబీనా ఒక్కతే. మకారియా పంది ఎప్పుడో సబీనా చేమమడిని కుళ్ళగించింది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాటికి పురుగులు తలలెత్తి ఊగడం మొదలుపెట్టాయి. పచ్చని రసం కక్కాయి. మెలికలు తిరిగి, ఎండిన దారప్పోగుల్లా చేటల్లో పడి ఉన్నాయి. అన్ని ఇళ్ళలోనూ అంతే. సబీనా ఇంట్లో మాత్రం ఒక్కటీ చావలేదు.

పట్టుపురుగుకు పొగాకు విషం. పొగాకు చూర్ణం పక్కన పడి ఉన్న ఆకు మేసినా చస్తుంది, పొగాకు నలిపిన వేళ్ళు తగిలినా చస్తుంది. దేశంలో ఇది తెలిసినవాళ్ళు లేకపోలేదు. బగాకాయ్‌లో మాత్రం ఏ ఒక్కరికీ తెలియదు. రాజుగారి పొగాకును దాచడానికి రాజుగారి ఆకే సురక్షితమనుకున్న ఆ పిచ్చితల్లికి అసలే తెలియదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం కొలిచి రాసిన ఆ చెయ్యి, ఇంకొక్క వాక్యం రాసి ఉంటే ఏం పోయేది?

ఊరు తనకు తెలిసిన లెక్కే వేసుకుంది. మకారియా చెయ్యి పడ్డ ఇళ్ళన్నీ పాడయ్యాయి. పడని ఇల్లు బాగుంది. చల్లని చెయ్యి వేడెక్కింది.

ముందు ఎవరూ మొహం మీద అనలేదు. మగవాళ్ళు గొడ్డళ్ళు భుజాన వేసుకుని అడవికి బయల్దేరిన రోజున మాత్రం, చంటిపిల్లతో రేవు దగ్గర నిలబడ్డ ఒకామె ఆగలేకపోయింది. "మా ఆయన చస్తే నీ ఇంటి ముందే పడుకోబెడతా మకారియక్కా. మేత వెయ్యమంటే మిత్తిని వేసి పోయావు."

మకారియా నోటికి ఊళ్ళో ఎదురుండేది కాదు. ఆ రోజు మాత్రం తల దించుకుని వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి తన చేతులకేసి చూసుకుంది. ఏదైనా తప్పు చేశానా, ఏ మైలలోనైనా తిరిగానా అని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. కారణం దొరక్కపోయేసరికి ఆమె కూడా ఊరి మాటే నమ్మింది. ఆ వారంలోనే ఆమె పొదగేసిన కోడిగుడ్లు పెద్ద ఉరుము ఉరిమి చెడిపోయాయి. ఉరుముకు గుడ్లు చెడటం ఎప్పుడూ ఉన్నదే, ఇంకొకరి గుడ్లయితే ఆవిడే ఆ మాట చెప్పి ఉండేది. తనవి కాబట్టి అదీ తన చేతి మీదే వేసుకుంది. కాన్పులకు పిలవడం ఊరివాళ్ళు మానేశారు. పిలిచినా వెళ్ళేది కాదు. నారు ముట్టుకోవడం మానేసింది. పక్కింటి పిల్లాడు పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంటే, చేతులు పైకెత్తి నిలబడి, "తీసుకుపోండర్రా వీణ్ణి" అని అరిచేది.

సబీనా చెయ్యి చల్లనిదని ఇప్పుడు కొత్తగా పేరు. తొలి విత్తనానికి ఆమె, కోడిగుడ్లకు ఆమె. కాన్పులకూ ఆమెనే పిలిచారు. సబీనా చెడ్డదేం కాదు. భయపడుతూనే వెళ్ళేది. సుఖంగా జరిగిపోయే కాన్పులు ఎలాగూ జరిగిపోయేవి.

అన్సెల్మో అడవి నుంచి తిరిగొచ్చేసరికి కితేరియాకు నెలలు నిండుతున్నాయి.

"నువ్వే రావాలి" అంది తల్లితో.

"నేను రానే. నీ కడుపు మీద నా చెయ్యి పడనివ్వను."

"వెధవ పురుగులు చస్తే నా బిడ్డకేమిటమ్మా? నన్ను కన్నప్పుడు నీ అంతట నువ్వే బయటికి లాగుకున్నావు, ఆ చేత్తో కాదూ?"

"అప్పటి చెయ్యి వేరు" అంది మకారియా. పెన్యాఫ్రాన్సియా మాతకు మొక్కుకుని, సబీనా ఇంటికి తనే వెళ్ళింది. ఆ చేమమడి గొడవ తర్వాత మొదటిసారి. గుమ్మం ఎక్కకుండా కింద నిలబడి, "వదినా, మా అమ్మాయికి నువ్వే దిక్కు" అని చేతులు జోడించింది. సబీనా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకేం తెలుసు వదినా, నీ పక్కన దీపం పట్టుకుని కూడా ఎరగను" అంది. అయినా వస్తానంది.

మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడన పడుకున్న వేళ, నొప్పులు వచ్చాయి. మా ఇళ్ళు తెలుసుగా, స్తంభాల మీద ఉంటాయి, కింద మనిషి నిలబడేంత ఖాళీ. నేల వెదురుబద్దలది, బద్దకూ బద్దకూ మధ్య వేలు పట్టేంత సందు. పైన జరిగేదంతా కిందికి వినిపిస్తుంది. మకారియా నిచ్చెన దాకా వచ్చింది. ఎక్కలేదు. ఇంటి కిందికి వెళ్ళి, పైన కూతురు పడుకున్న చోటికి సరిగ్గా కింద, చేతులు రెండూ చంకల్లో బిగించుకుని నిలబడింది.

చాలాసేపు మూలుగులే వినిపించాయి. ఆ మూలుగుల్లోని తేడా ఆమెకు తెలుసు. బిడ్డ అడ్డం తిరిగింది.

"వదినా, తల ఎటుంది?" అని కింది నుంచి అరిచింది.

"నాకు తెలియట్లేదు వదినా!"

"నూనె రాయి. కుడి డొక్క దగ్గర గట్టిగా ఏమన్నా తగులుతోందా? అది తల. ఒక చేత్తో దాన్ని పట్టుకో, రెండో చేత్తో కింద... నొక్కకు, నొక్కకు! జరుపు!"

"జారిపోతోంది వదినా..."

అన్సెల్మో నిచ్చెన దిగి పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా, రా."

"నేను తాకితే చస్తుందిరా."

"తాకకపోయినా చచ్చేట్టుంది!"

ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అతను ఆమె భుజం పట్టుకుని లాగబోయాడు. ఆమె స్తంభాన్ని కౌగలించుకుంది. పైన సబీనా కేక వేస్తే అన్సెల్మో వదిలేసి పైకి పోయాడు.

కొంచెం సేపటికి పైన కాస్త సద్దుమణిగింది. అది నొప్పి తగ్గిన నిశ్శబ్దం కాదని, ఓపిక అయిపోయిన నిశ్శబ్దమని మకారియాకు అర్థమైంది.

"అమ్మా, కింద ఉన్నావా?" అంది కితేరియా. గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించింది.

"ఉన్నా తల్లీ."

"పైకి రా."

"నా చేతులు మంచివి కావమ్మా. సబీనా అత్త చూస్తుంది. నేను చెబుతూనే ఉన్నాగా."

ఊపిరి కూడదీసుకుని, కితేరియా తన పాత ధోరణిలోనే అంది. "అయితే చేతులు కిందే వదిలేసి రావే."

మకారియాకు ఏడుపులోనూ నవ్వు వచ్చింది. నిచ్చెన దాకా వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు పట్టుకోవడానికి చెయ్యి చాచి, ఆ చెయ్యి చూసుకుని, చేటల్లో మెలికలు తిరిగిన పురుగులు గుర్తొచ్చి, కాలు వెనక్కి తీసుకుంది.

సాయంత్రం ఎండ పల్చబడుతుండగా కితేరియా పోయింది. బిడ్డ లోపలే పోయింది. కడిగిన నీళ్ళు బద్దల సందుల్లోంచి కారి కిందికి వచ్చాయి. మకారియా అక్కడి నుంచి కదల్లేదు. అన్సెల్మో వచ్చి లేవదీసేదాకా ఆ తడి నేల మీదే కూచుంది.

ఆ ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మకారియా ఎవరితోనూ మాట్లాడేది కాదు. కూతురి ఇంటి ముందు నుంచి నడవాల్సి వస్తే నది వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది. అన్సెల్మో రోజూ పొద్దున్నే ఇంత అన్నం, ఎండుచేప ఆమె గుమ్మంలో పెట్టి పోయేవాడు. ఒక్క మాటా నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే ఆమెకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక గవర్నరు దొర మళ్ళీ గుడ్లు పంపించాడు. ఈసారి బుద్ధి వచ్చి, పని తెలిసిన చీనా మనిషిని ఒకణ్ణి కూడా పంపించాడు. పేరు లియోంగ్. బక్కపల్చటి ముసలివాడు, మా మాట వంకరగా మాట్లాడేవాడు గానీ చక్కగా అర్థమయ్యేది. ఊళ్ళో అందరి చెట్లూ చూసి, లేతాకు మకారియా చెట్లకే బాగుందని, బసిలియోను వెంటబెట్టుకుని ఆమె పెరట్లోకి వచ్చాడు. తమాషా చూడటానికి ఆడవాళ్ళూ వెనకే వచ్చారు. కంచె బాగుచేస్తున్న అన్సెల్మో అక్కడే ఉన్నాడు. లియోంగ్ ఆకు కోసుకోవడానికి చూరుకు వేలాడుతున్న పాత బుట్ట దించాడు. వాసన చూశాడు. బోర్లించి అరచేత్తో తట్టాడు. అల్లికలోంచి గోధుమరంగు పొడి రాలింది.

"ఈ బుట్టలో ఆకు పురుగుకి పెట్టారా?" అన్నాడు.

"పోయినేడు పెట్టాం. ఊరందరికీ దీంట్లోంచే" అంది ఒకామె.

"పొగాకు! ఇది తగిలితే పురుగు చచ్చిపోతుంది. ఒక్క రోజే. తల ఎత్తి ఊగుతుంది, కక్కుతుంది, చస్తుంది. మా ఊళ్ళో చిన్న పిల్లకి కూడా తెలుసు. మీకు ఎవరూ చెప్పలేదా?"

బసిలియో ఆ పొడి తనకు కనబడనట్టు మొహం చెట్ల వైపు తిప్పుకున్నాడు. దొంగ పొగాకుకు కొరడా దెబ్బలున్నాయి. ఈ పాటి పెద్దరికం అతను చూపించాడు, అది ఒప్పుకోవాలి.

ఆడవాళ్ళకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. "అయితే చెయ్యి కాదన్నమాట!" "నేను అప్పుడే అనుకున్నా!" "అక్కా, విన్నావా, నీ చెయ్యి మంచిదేనటే!" రేవు దగ్గర శపించినామె ముందుకొచ్చి మకారియా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మా చెల్లికి ఈ నెలలోనే కాన్పు. నువ్వే రావాలి, నువ్వు తప్ప ఇంకెవరూ వద్దు" అంది. సబీనా మాత్రం పైటతో మొహం కప్పుకుని గట్టుమీద కూలబడింది.

మకారియా చేతులు వెనక్కి తీసుకుంది. ఏడాదిగా వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"నా చెయ్యి మంచిదని ఈయన చెప్పాడు. సంతోషం. చెడ్డదే అనుకోండి. నిజంగానే నా చెయ్యి తగిలితే మనిషి చస్తుందనే అనుకోండి. చేతులు కిందే వదిలేసి రమ్మందర్రా నా బిడ్డ. వెనక్కి విరిచి కట్టించుకునైనా ఎక్కి ఉండొచ్చుగా? అన్సెల్మోని అడిగితే కట్టేవాడు కాదూ? పక్కన కూచోడానికి చేతులెందుకు?"

లియోంగ్‌కు సంగతి తెలియదు, అయినా బుట్ట మెల్లగా కింద పెట్టి దూరంగా జరిగాడు. ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు.

అన్సెల్మో కంచె పని ఆపి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "ఇంటికి వస్తావా అత్తా?" అన్నాడు.

ఆ సాయంత్రం మకారియా కూతురి ఇంటి నిచ్చెన ఎక్కింది. కితేరియా చాప పరిచి ఉండే చోటు అన్సెల్మో చూపించనక్కర్లేకపోయింది. ఆ పక్కనే, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, దీపాల వేళ దాకా కూచుంది. ఆ ఒక్క పనికి ఆమె ఏడాది ఆలస్యంగా వచ్చింది.